తుపాకి తిరిగిచ్చిన రోజు నేనన్న మాట

పోలీసు ఉద్యోగం చేసినవాడు పెళ్లిలో కనబడినా, చావు దగ్గర కనబడినా జనం అడిగే ప్రశ్న ఒకటుంది. "సారూ, ఇంట్లకు దొంగొస్తే కాల్చొచ్చునా?" అడిగేవాడి దగ్గర తుపాకి కాదు కదా, సరైన చేతికర్ర కూడా ఉండదు. అయినా అడుగుతాడు. రిటైరై ఇంట్లో కూర్చున్నా అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు నేను ఒకటే అంటాను: "ముందు కూర్చో. టీ తాగు. ఇది నిలబడి చెప్పే సంగతి కాదు." ఇది నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. ఒక పెద్దమనిషి జైలుకు పోయాక వచ్చింది. కొత్తగా భుజాన స్టార్లు పెట్టుకున్న పిల్లల కోసం ఆ సంగతి రాస్తున్నాను. నా గొప్ప చెప్పుకునే కథే అయితే ఇన్నేళ్లు ఆగేవాణ్ని కాదు, సన్మానం రోజున దండ మెడలో ఉండగానే మైకు పట్టుకుని చెప్పేసేవాణ్ని.

రెండు వేలు దాటి నాలుగైదేళ్లయిన కాలం. కానిస్టేబుల్‌గా చేరి, మెట్టు మెట్టు ఎక్కి, నలభై దాటాక ఎస్సైనయ్యాను. మా స్టేషన్ బూర్గంపాడు నుంచి అడవిలోకి పోయే దారిలో ఉండేది. పేరు చెప్పను. ముందు ఇసుక బస్తాలు, చుట్టూ ముళ్లకంచె, పైన కాపలా. సెలవు మీద ఇంటికి పోవాలంటే లుంగీ కట్టుకుని, బస్సులో వెనక సీట్లో కూలివాడిలా కూర్చుని పోయేవాళ్లం. దొంగను పట్టే పోలీసే దొంగలా తిరగాల్సిన రోజులు.

మా పరిధిలో లైసెన్సు తుపాకులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అన్నీ అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికని రైతులకు ఇచ్చినవే. ఎన్నికలొస్తే వాటిని స్టేషన్‌లో పెట్టించుకోవడం మామూలే. మా దగ్గర మాత్రం ఎన్నికలు అయిపోయినా తిరిగి ఇవ్వలేదు. అడవిలోని నక్సలైట్ల దళం వచ్చి ఇళ్లలోంచి ఎత్తుకుపోతుందని పైవాళ్ల భయం. అవి మా ఆయుధాల గదిలో వరసగా వేలాడుతూ, నెలకోసారి రైటరు చేత నూనె రాయించుకుంటూ ఉండేవి. రైటరంటే స్టేషన్ కాగితాలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్. మా రైటరు నాకంటే పదేళ్లు పెద్ద. మాట తక్కువ. నా మాట ఎక్కువ కాబట్టి ఇద్దరికీ సరిపోయేది.

ఆ తుపాకుల్లో ఒకటి ఒంటి గొట్టానిది. దాని యజమాని ఇల్లందులో బొగ్గు బావి దిగి, ఆ పని మానేసి వచ్చి, పెద్దల నాటి నాలుగెకరాల్లో మిర్చి వేసుకుంటున్న రైతు. అరవైకి దగ్గర పడ్డాడు. ఊరికి కాస్త ఎడంగా, చేను మొదట్లో ఇల్లు. ఇంట్లో ఆయనా, భార్యా. ఆమెకు చెవులు సరిగా వినపడవు. ప్రతి సోమవారం సైకిల్ మీద వచ్చి అడిగేవాడు. "సారూ, నా తుపాకి వచ్చిందా?" ఎక్కడికో పోయిన కొడుకు గురించి అడిగినట్టు అడిగేవాడు. అది గోడవతలే ఉండేది.

ఆ ఏడు మిర్చి పండే వేళకు ఆయన అడిగే తీరు మారింది. ముందు చేనులో మోటారు స్టార్టర్ పోయింది. తర్వాత కల్లంలో ఆరబోసి ఎత్తిన రెండు బస్తాలు పోయాయి. ఒక మధ్యాహ్నం ఆయన ఊళ్లోకి పోయి తిరిగొచ్చేసరికి ఎవరో ఇంటి వెనక తచ్చాడి పోయిన అడుగులు కనిపించాయి. లోపల భార్య పడుకునే ఉంది, ఆమెకు ఏమీ తెలియదు. "నేన్ లేనప్పుడు దాన్ని గొంతు పిసికినా ఎవ్వలకు వినపడది సారూ," అన్నాడు. నేను ఆ మూడింటికీ ఒక కానిస్టేబుల్‌ని పంపి చూపించాను. ఏమీ దొరకలేదు. నిజం చెప్పాలంటే, గట్టిగా వెతకలేదు కూడా.

చివరకు అవసరం ఉన్నవాళ్లకు తుపాకులు ఇచ్చేయమని ఆర్డరొచ్చింది. కబురు పెట్టగానే ఆయన వచ్చాడు. నేనేమో అంతకు రెండు రోజుల ముందే ఖమ్మంలో ఒక క్లాసు విని వచ్చాను. ఆత్మరక్షణ హక్కు మీద. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అలా ఉన్నాను. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నాను.

ఆయన సంతకం పెట్టి, తుపాకి రెండు చేతులతో పట్టుకుని నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"సారూ, ఒక్క మాట అడుగుత. ఇంట్లకు ఎవడన్న చొరబడితే కాల్చొచ్చునా?"

నేను కుర్చీలో వెనక్కి వాలాను. "ఎందుకు కాల్చొద్దు పెద్దాయనా? ఇల్లు నీది. తలుపు తోసుకొని ఇంట్లకొచ్చినోన్ని కాల్చే హక్కు చట్టమే ఇచ్చింది. కాల్చు. మిగతాది నేన్ చూస్కుంట."

అక్కడున్న కానిస్టేబుళ్లు నవ్వారు. రైటరు నవ్వలేదు. రాసుకుంటున్న పుస్తకంలోంచి తలెత్తకుండానే, "సార్, పగలు, రాత్రి తేడా గూడ చెప్పుండ్రి," అన్నాడు.

నాకు చిర్రెత్తింది. పదిమందిలో నాకు పాఠం చెబుతాడా అని. "నువ్వు పుస్తకం రాయి. చట్టం నేన్ చెప్త," అన్నాను. ఆయన రాసుకున్నాడు. రైతు దండం పెట్టి, తుపాకిని గోనెసంచిలో చుట్టుకుని సైకిల్‌కి కట్టుకుని పోయాడు.

రైటరు గుర్తుచేసిన సంగతి ఇది. సూర్యుడు పడమట దిగాక, మళ్లీ పొద్దు పొడిచేలోపు ఇల్లు పగలగొట్టి చొరబడినవాడి విషయంలో చట్టం ఇంటివాడికి చాలా దూరం హక్కునిచ్చింది, అవసరమైతే ప్రాణం తీసేదాకా. పగలు వచ్చినవాడి లెక్క వేరు. వాడి వల్ల మన ప్రాణానికో, పెద్ద దెబ్బకో భయపడటానికి సరైన కారణం కనబడాలి. ఏ వేళైనా అవసరానికి మించి ఒక్క దెబ్బ ఎక్కువ వేయకూడదు. భయం తీరిన క్షణం హక్కూ తీరిపోతుంది. ఇప్పుడు ఆ చట్టం పుస్తకం పేరు మార్చారు, సెక్షన్ల నంబర్లు మార్చారు. ఈ సంగతి మాత్రం మారలేదు. ఇదంతా నాకు ఆ రోజు తెలుసు. మూడు ముక్కల్లో ఒక ముక్క చెప్పి పంపాను.

పన్నెండు రోజులకు, మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ వచ్చింది. ఊళ్లోంచి ఎవరో. "సార్, మిర్చి చేను పెద్దాయన కూలోన్ని కాల్చిండు. జల్దీ రాండ్రి."

జల్దీ పోవడం మా దగ్గర కుదిరే పని కాదు. ఫోన్ రాగానే జీపెక్కి బయల్దేరితే కల్వర్టు కింద మందుపాతర ఉండొచ్చు. ఆ ఫోన్ చేసినవాడే పెట్టి ఉండొచ్చు. అందుకని రోడ్డు వదిలి చేలగట్ల మీదుగా, ఒకరికొకరం ఎడంగా నడిచాం. నాలుగు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. పిల్లలూ, ఎన్నో కూంబింగులకు పోయాను కానీ ఆ నడకలో పడ్డ భయం ఎప్పుడూ పడలేదు. మందుపాతర గురించి కాదు. కాల్చు, మిగతాది నేన్ చూస్కుంట. అడుగడుక్కీ అదే వినపడుతోంది, నా గొంతుతోనే. వెనక వస్తున్న ఇద్దరు కానిస్టేబుళ్లూ ఆ రోజు నవ్వినవాళ్లే. వాళ్ల ముఖం చూడలేక ముందే నడిచాను.

మేం పోయేసరికి దెబ్బతిన్నవాణ్ని ట్రాక్టర్ మీద భద్రాచలం తీసుకుపోయారు. రైతు ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. తుపాకి పక్కనే ఉంది. ఊరంతా దూరంగా నిలబడి చూస్తోంది. నన్ను చూడగానే ఆ ముఖంలో కొండంత ధైర్యం వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"వచ్చిండ్రా సారూ. మీరు చెప్పినట్టే చేసిన."

తుపాకి తీసుకుని కానిస్టేబుల్ చేతికిచ్చి, ఇంటి వెనక్కి నడిచాను.

వెనక వసారా ఉంది. అందులో ఒక పెద్ద గోలెం, నీళ్లతో. వసారాకు కొత్తగా వెదురు తడిక కట్టి, తీగతో ముడి వేశారు. ఆ ముడి విప్పి ఉంది. నేలంతా తడి. రక్తం ఉంది, కానీ రక్తం కంటే నీళ్లే ఎక్కువ. ఆ తడిలో సొరకాయ బుర్ర ముక్కలై పడి ఉంది. అడవి పల్లెల వాళ్లు నీళ్లు నింపుకుని భుజాన తగిలించుకునే పొడుగు మెడ బుర్ర. దాన్ని చూడగానే నాకు మొత్తం అర్థమైంది.

ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, తనకు వినపడదు కాబట్టి గట్టిగా, ఊరంతా వినేలా చెప్పింది.

"దొంగ గాదు బిడ్డా. పోయినేడు మన చేన్ల మిర్చి ఏరినోడే. నీళ్లకొచ్చిండు."

జరిగింది ఇది. చర్ల దాటి, ఛత్తీస్‌గఢ్ వైపు అడవి ఊళ్ల నుంచి ఏటా మిర్చి ఏరడానికి కూలీలు గుంపులుగా వస్తారు. నిరుడు ఈయన చేనులో ఏరిన గుంపు ఈ వసారాలోనే గోలెంలో ముంచుకుని నీళ్లు తాగేది. అప్పుడు తడిక లేదు. ఈ ఏడు దొంగతనాలయ్యాక ఈయన తడిక కట్టి, తన కూలీలకు కల్లం దగ్గరే డ్రమ్ము పెట్టాడు. కానీ దెబ్బతిన్న ఈ మనిషి ఈ ఏడు పక్క రైతు చేనులో ఏరుతున్నాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. ఎండవేళ, అన్నం తిని ఈయన కునుకు తీస్తుంటే తీగ చప్పుడైంది. లేచి చూస్తే వెలుగుకు అడ్డంగా నిలబడ్డ మనిషి, చేతిలో ఏదో పొడుగాటిది. భార్య అవతలి గదిలో ఉంది. ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. కేక వేయలేదు. కాల్చొచ్చని ఎస్సై చెప్పాడు కదా.

తొడలోకి, పొత్తికడుపులోకి గుళ్లు దిగాయి. భద్రాచలం పెద్ద దవాఖానాలో డాక్టరుగారు, "రెండు రోజులు గడిస్తే గానీ చెప్పలేను," అన్నారు. ప్రాణం పోతే హత్య కేసు. ఆ రెండు రోజులూ నేను నిద్రపోలేదు, నోట్లోకి మెతుకు పోలేదు. గంటగంటకూ అక్కడి కానిస్టేబుల్‌కి ఫోన్. నాకు సిగ్గు అనిపించే సంగతి చెబుతున్నాను: ఆ మనిషి బతకాలని మొక్కుకున్నాను గానీ, అందులో సగం అతని కోసం, సగం నా కోసం.

బతికాడు. కాలు మాత్రం జీవితాంతం ఈడుస్తూ నడిచేలా అయింది. కోయ భాష వచ్చిన మా కానిస్టేబుల్ ఒకతను మంచం పక్కన కూర్చుని అడిగి చెప్పాడు. "పోయినేడు ఆడనే తాగినం అంటున్నడు సార్. తడిక పశువులు రాకుంట కట్టిండ్రేమో అనుకున్నడంట. మళ్ల ముడేసే పోదామనుకున్నడంట."

కేసు విచారణ సీఐగారిది. ఎఫ్ఐఆర్ రాసింది, తుపాకి పట్టింది నేను. మొదటి రోజే ఆయన ముందు రైతు చేతులు కట్టుకుని చెప్పాడు. "ఎస్సై సారే చెప్పిండు సార్. ఇంట్లకొస్తే కాల్చుమన్నడు."

సీఐగారు పెద్దగా నవ్వారు. "ప్రతోడూ గిదే చెప్తడు. పోలీసోల్లే చెప్పిండ్రంటడు." నా వైపు తిరిగి, "ఏందయ్యా, ఏం చెప్పినవ్?" అన్నారు.

"జాగ్రత్తగా ఉండమన్నాను సార్. అంతే," అన్నాను. ఆయన అడిగింది ఒకటైతే నేను రెండు నిమిషాలు మాట్లాడాను. తుపాకి శుభ్రం గురించి, తూటాల లెక్క గురించి చెప్పానన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. ఆయనకు అనుమానం రాలేదు. రైతు వాంగ్మూలంలో ఆ మాట పడలేదు.

ఆ సాయంత్రం రైటరు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "సార్, నన్ను అడిగితే అబద్ధం చెప్పను. అడగకపోతే నా అంతట నేన్ చెప్పను." అంతే అని వెళ్లిపోయాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది రిటైరై పోయాడు. చివరి రోజున అందరితో చేతులు కలిపాడు, నాతో కూడా. నేను ఎదురుచూసిన మాట ఏదీ అనలేదు.

కేసు కోర్టుకు రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. సమన్లు వచ్చిన రోజు నుంచి అద్దం ముందు నిలబడి జవాబులు చెప్పుకున్నాను. ఒక రోజు ఒప్పుకునేవాణ్ని, ఒక రోజు ఒప్పుకునేవాణ్ని కాదు. కొడుకు ఇంజనీరింగులో ఉన్నాడు, ప్రమోషన్ లిస్టు రాబోతోంది, ఇలాంటివి చాలా ఉండేవి. అన్నీ నిజాలే, అదే చిక్కు.

రైతు తరఫు లాయరు కుర్రవాడు. కానీ చురుకైనవాడు.

"తుపాకి తిరిగి ఇచ్చిన రోజు ముద్దాయి మీతో మాట్లాడాడా?"

"మాట్లాడాడండి."

"ఇంట్లోకి వచ్చినవాణ్ని కాల్చవచ్చని మీరు ఆయనకు చెప్పారా?"

నేను ఒప్పుకుంటే ఆయన నిర్దోషి అయి ఇంటికి పోతాడని కాదు. చట్టం తెలియకపోవడం సాకు కాదని మీకూ తెలుసు. కానీ ఆయన కడుపులో కక్ష లేదనీ, పోలీసు మాట నమ్మి చేశాడనీ జడ్జిగారికి తెలిసేది. శిక్ష తగ్గేది. బహుశా చాలా తగ్గేది. నేను ముద్దాయి బోను వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆయన ముఖం, ఆ రోజు మంచం మీంచి లేచినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. సారు వచ్చాడు, చెబుతాడు అన్నట్టు.

"గుర్తు లేదండి," అన్నాను.

లాయరు రెండోసారి అడిగాడు. రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది. మళ్లీ ఆయన వైపు చూస్తే, కోపం లేదు. కనుబొమలు ముడిచి, తల కొంచెం పక్కకు వంచి నన్నే చూస్తున్నాడు. ఏదో లెక్క తప్పినవాడు మొదటినుంచీ మళ్లీ కూడుకుంటున్నట్టు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

రెండేళ్ల జైలు శిక్ష పడింది. తుపాకి సర్కారు పాలైంది. పైకోర్టుకు పోయే ఓపిక వాళ్లకు లేకపోయింది. ఆమె చేను పక్క రైతుకు కౌలుకిచ్చి, ఒక్కతే ఆ ఇంట్లో ఉంది. బదిలీకి ముందు ఒకసారి గస్తీకి పోతూ ఆ ఇంటి ముందు ఆగాను. తడిక తీసేసి ఉంది. గోలెం బయటికి, దారి పక్కకు జరిపించింది. "తాగు బిడ్డా, ఎండల పడొచ్చినవ్," అంది. నేనేం చేశానో ఆమెకు తెలియదు. కోర్టుకు వచ్చింది గానీ, నేను చెప్పింది ఆమెకు వినపడలేదు. తాగాను.

తర్వాత నేను వేరే స్టేషన్‌లో ఉండగా, ఒక రోజు పొద్దున్నే ఆయన వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చాడట. బాగా చిక్కాడు. జుట్టు మొత్తం నెరిసింది. స్టేషన్‌లో ఇద్దరు కానిస్టేబుళ్లు, పిటిషన్ పట్టుకుని ఒక ఆడమనిషి ఉన్నారు. తిడతాడు, పదిమందిలో నిలదీస్తాడు అనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను కూడా. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"సారూ, ఒక్కటి అడిగిపోదామని వచ్చిన. కేసు గిట్ల ఏం పెట్టను, భయపడకుండ్రి. ఆనాడు తుపాకి ఇచ్చేటప్పుడు నాతోని గట్ల అన్నరు గద. నిజంగ అన్నరా, నేనే అనుకున్ననా?"

కానిస్టేబుళ్లు తలెత్తి చూశారు. ఈసారి కూడా తప్పించుకోవచ్చు. నోటి చివర ఉంది ఆ మాట, అలవాటైన మాట.

"అన్నాను," అన్నాను. "గుర్తుంది. కోర్టులో అడిగినప్పుడు కూడా గుర్తుంది."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"మంచిది సారు. అంత పెద్ద సారు గుర్తులేదన్నంక, నాకే మతి చెడిందనుకున్న. జైల్ల రెండేండ్లు గదే భయం. నేన్ విన్నది విన్నట్టేనా, కన్నది కన్నట్టేనా అని. ఇంట్లకొచ్చినంక గూడ ముసల్దాన్ని చూసి, ఇది నిజంగ ఉన్నదా అని పట్టి చూసిన. నా తలకాయ సక్కగనే ఉన్నది. మంచిది."

దండం పెట్టాడు. భద్రాచలం బస్సు ఎక్కడ ఆగుతుందని కానిస్టేబుల్‌ని అడిగి, అటు నడిచి వెళ్లిపోయాడు.

పిల్లలూ, మీరు తప్పులు చేస్తారు. తుపాకి చట్టం గురించి సగం చెప్పడం తప్పే, కానీ అది పొగరుతో చేసిన తప్పు. దానికి ఒక మనిషి కాలు చెడింది. రెండోది తెలిసి చేసింది. దాంతో ఒక మనిషి తన చెవులను తానే నమ్మలేకపోయాడు. రెంటికీ నాకు శిక్ష పడలేదు. ప్రమోషన్ కూడా సమయానికే వచ్చింది.

అందుకే ఎవరు అడిగినా ముందు కూర్చోమంటాను. పగలు సంగతి మొదట చెప్తాను, రాత్రి సంగతి తర్వాత. కేక వేయమంటాను, దీపం వేసి చూడమంటాను, తప్పుకునే దారి ఉంటే తప్పుకోమంటాను. విసుక్కున్నా చివరిదాకా చెప్పి గానీ వదలను. ఆయన ఆ రోజు అంత బరువు తుపాకి రెండు చేతులతో మోస్తూ, నేను మాట్లాడినంతసేపూ నిలబడే ఉన్నాడు. పక్కనే కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోమని అనలేదు నేను.